తొమ్మిది వేల ఆటల యజమానురాలు

వద్దు మేడం, ఆ కుర్చీల నేను కూసోను. చక్రాల కుర్చీ అది. కూసుంటె ఎనుకకు పోతది. పదకొండేండ్ల సంది తుడుస్తున్న దాన్ని, దాని గుణం నాకు తెల్వదా? నాకు ఈ స్టూలు చాలు. మీరే కూసోండ్రి అండ్ల.

ఏందీ? యజమాని కుర్చీల యజమానే కూసోవాలెనా?

అయ్యో, జెర మెల్లగ మాట్లాడుండ్రి మేడం! ఆ అద్దం అవతల పదిహేడు మంది ఆడోళ్ళున్నరు. చేతులు స్క్రూలు బిగిస్తున్నయి గాని చెవులన్ని ఇటే ఉన్నయి. నన్ను పట్టుకొని 'యజమాని' అన్నరని తెలిస్తె ఇగ అయిపాయె.

సరే, ఇద్దరం స్టూళ్ళ మీదనే కూసుందాం. ఆ కుర్చీని అట్లనే ఉండనియ్యుండ్రి.

సారును బయటికి పంపిచ్చి మంచి పని జేసిండ్రు. "యజమానురాలితో ఒక్కదానితోనే మాట్లాడాలి, మీరు బయట ఉండండి" అంటిరి గదా, ఆయన మొకం సూసిండ్రా? ఈ షెడ్డు కట్టిన కాడికెళ్ళి రామలింగేశ్వరరావు సారును బయట ఉండమన్నోళ్ళు లేరు. అగో, కారు కాడ నిలబడి కిటికిలకెళ్ళి ఇటే సూస్తున్నడు. నేను మధ్య మధ్యల నవ్వుత, మీరు వేరే అనుకోకుండ్రి. నా మొకం నవ్వుతుంటె, నేర్పిన పాఠం మంచిగ ఒప్పజెప్తున్న అనుకుంటడు.

ఏం పాఠమంటరా? మూడొద్దుల సంది బట్టీ పడుతున్న. ఇనుండ్రి.

"ఇంట్లో టీవీకి పెట్టి ఆడుకునే వీడియో గేములకు ఇక భవిష్యత్తు లేదు. పిల్లలు కంప్యూటర్లకూ ఇంటర్నెట్ సెంటర్లకూ వెళ్ళిపోతున్నారు. చైనా సరుకు చవగ్గా వస్తోంది. లాభం లేదు. కనుక నా స్వంత ఇష్టంతో ఈ యూనిట్‌ను మూసివేస్తున్నాను."

మంచిగ చెప్పిన్నా? 'వెళ్ళిపోతున్నారు' అన్న కాడ నాకు నాలుక తిరగదు. సారుది గోదావరి దిక్కు. ఆయన మాట నా నోట్ల పెడితె, వేరేటోళ్ళ చెప్పులల్ల కాళ్ళు పెట్టినట్టే ఉంటది.

ఇగ దస్కతు పెట్టమంటరా? పెడ్త. పెట్టుడు నాకు కొత్త కాదు. కాని మీ సర్కారు కాయితంల ఒక గడి సదివితిరి గదా, 'ఈ వస్తువుకు మున్ముందు గిరాకీ ఉంటుందా, లాభం ఉంటుందా, యజమాని అభిప్రాయం' అని. మళ్ళొక్కపారి సదువుండ్రి మేడం. ఆఖరి ముక్క. యజమాని అభిప్రాయం!

పదకొండేండ్లల్ల నన్ను ఎవ్వరు అభిప్రాయం అడగలేదు. మొగుడు అడగలేదు, సారు అడగలేదు. సర్కారు అడిగింది సూడుండ్రి, మూసేనాడు.

నేను ఎవలనో మీకు ముందుగాల్ల తెల్వాలె. నా పేరు బక్కమ్మ. మాది పోతిరెడ్డిపల్లి. సారు పెద్ద సర్కారు ఫ్యాక్టరీల ఇంజనీరుండె. క్వార్టర్లల్ల వాళ్ళింట్ల గిన్నెలు తోమి, ఇల్లు తుడిచేదాన్ని. తొంభై ఒకటిల సారుకు బిజినెస్ పురుగు కుట్టింది. ఎక్కడికో పోయి టీవీ గేము సూసొచ్చిండు. బోర్డులు బొంబాయి నుంచి తెప్పిచ్చి, ఈడ ప్లాస్టిక్ డబ్బాల బిగించి, క్యాసెట్టు జోడించి అమ్మితె ఇంటికొకటి కొంటరని ఆయన లెక్క.

కాని నౌకరిల ఉన్నోడు బిజినెస్ పెట్టొద్దట. పెండ్లాం పేరు మీద పెట్టినా అడుగుతరట. ఆడమనిషి పేరు మీద పెడితె ఇండస్ట్రియల్ ప్లాటు జల్దీ వస్తదని ఎవరో చెప్పిండ్రు. ఆడమనిషి కావాలె, అడిగేటోళ్ళు ఉండొద్దు. సారు ఇల్లంత కలియజూసిండు. నేను వాకిట్ల గిన్నెలు తోముతున్న.

"చేతులు కడుక్కుని రా బక్కమ్మా, నీతో పనుంది" అన్నడు.

గంతే మేడం. గిట్లయిన నేను యజమానిని. చేతులు కడుక్కుంటె అయిపోయింది.

నాకప్పుడు ఏలిముద్రనే. ఏలిముద్రైతె ఆఫీసోళ్ళకు అనుమానమొస్తదని, అమ్మగారు హైమావతమ్మ వారం దినాలు నా పేరు నేర్పింది. పళ్ళెంల బియ్యం పోసి, నా ఏలు పట్టుకొని రాయించింది. ఆ ఒక్క ముక్క నేర్సుకున్న. అదే ముక్క ఎన్ని కాయితాల మీద పెట్టిన్నో, అండ్ల ఏమున్నదో, దేవునికే ఎరుక.

బదులు ఏమిచ్చిండా? నౌకరి ఇచ్చిండు. నా షెడ్డుల నాకే నౌకరి! అందరి లెక్కనే జీతం. దసరకు చీర. మా ఆయన పెద్దరాములును గేటు కాడ వాచ్‌మన్ పెట్టిండు. "కాగితం మీద నువ్వు, పని మీద నేను. ఈ మాట గేటు దాటకూడదు" అన్నడు. దాటలే. నా నోట్ల నుంచే దాటలే, ఇగ గేటెందుకు దాటుతది?

నవ్వొస్తుందా మేడం? నవ్వుండ్రి. మీరు నవ్వితె సారుకు కూడ మంచిగనే అనిపిస్తది. అగో, సెల్‌ఫోను తీసిండు. ఇంక జెరసేపున్నది మనకు.

మొదటి దసర సంగతి చెప్త. ఆయుధపూజ. ఫోటో తీయాలె, యజమానురాలు పూజ చేస్తున్నట్టు ఫైల్ల పెట్టాలె. నాకు అమ్మగారి చీర కట్టబెట్టి, హారతి పళ్ళెం చేతికిచ్చిండ్రు. బల్ల మీద వరుసగ నలభై గేములు, కొత్తయి, మెరుస్తున్నయి. మా ఊర్ల నాగలికి, బండికి పసుపు కుంకుమ పెడితె ఎట్ల పెడ్తం? మొకం ఎక్కడుంటె అక్కడ పెడ్తం. నేను సూసిన. క్యాసెట్టు పెట్టే సందు ఉంటది సూడుండ్రి, అది దాని నోరు. నోట్లనే పెట్టాలె అనుకున్న. నలభై నోళ్ళల్ల పసుపు, కుంకుమ, రెండు చుక్కల కొబ్బరినీళ్ళు పోసిన, నిండుగ!

నలభైకి నలభై ఖరాబు. లోపట ఇత్తడి పండ్లుంటయి, తడి తగులొద్దంట. మనకెవరు చెప్పిండ్రు? టీవీల పెడితె గళ్ళు గళ్ళు కొట్టుడు, బుర్రుమనుడు. సారు అందరి ముంగట నన్ను తిట్టిండు. "బుద్ధుందా? యంత్రానికి తినిపిస్తావా?" అన్నడు. జీతంల కోసిండు కూడ. యజమాని జీతం కోసిండు మేడం! నా అసొంటి యజమాని ఏ ఊర్లనన్న ఉన్నదా?

బీరమ్మ ఇప్పటికి కూడ అంటది, "బక్కమ్మొదినె గేముకు బువ్వ పెట్టింది" అని. బీరమ్మ అంటె ఆ పచ్చ జాకెట్టు ఆమె. సోల్డరింగ్ చేస్తది. ఏళ్ళ కొసలన్ని కాలి మొద్దుబారినయి, నోరు మాత్రం మొద్దుబారలే.

ఆ తర్వాత నన్ను టెస్టింగుల ఏసిండ్రు. ప్రతి గేమును టీవీకి పెట్టాలె, క్యాసెట్టు ఎయ్యాలె, రెండు హ్యాండిళ్ళు ఒత్తి సూడాలె, బొమ్మ ఎగురుతుందా, తుపాకి కాలుస్తుందా, పక్కకు పోతుందా అని. నిమిషం కంటె ఎక్కువ ఆడొద్దు. ఆట జెర రసపట్టుల పడంగనే బంద్ జెయ్యాలె. పదకొండేండ్లు మేడం! ఎన్ని వేల ఆటలు షురూ జేసిన్నో, ఆ బల్ల మీద ఒక్కటి ముగిసేదాంక సూడలె. మొదటి గోడ దుంకుడు, బంద్. మొదటి నది దాటుడు, బంద్.

ఆటంటె యాదికొచ్చింది. ఆ డబ్బాల మీద రాసింది సదువుండ్రి. సదువుండ్రి జెర.

ఆ... 'తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు, ఒకే క్యాసెట్టులో'. నిజమే అనుకుంటరు గదా? నేను చెప్త. తొమ్మిది ఆటలు. అవ్వే తొమ్మిది, రంగు మార్చి, పేరు మార్చి, మళ్ళ మళ్ళ వస్తయి. పదో నంబరు నుంచి అంత మొదటికే. నేనే ఒకనాడు లంచ్ టైముల కూసొని సూసిన. 

ఇగ మీరడిగిన దానికి వస్త. లాభం ఉంటదా అని అడిగిండ్రు గదా. సారు చేసిన తప్పు ఈడనే ఉన్నది. గేము డబ్బా ఒక ఇంటోడు ఎన్నిమాట్ల కొంటడు? ఒక్కపారే. డబ్బాల లాభం లేదు మేడం, క్యాసెట్లల్ల ఉన్నది. ఒక ఆటకు ఒక క్యాసెట్టు పెట్టి, మంచి ఆట పెట్టి, రెండు నెలలకు ఇంకోటి ఇస్తె పిల్లలు మళ్ళ వస్తరు. అమ్మనో నాయననో గుంజుకొస్తరు. సారు ఏం జేసిండు? తొమ్మిది వేల ఆటలని అబద్ధమాడి, అంత ఒకటేపారి ఇచ్చేసిండు. వారం దినాలకు పిల్లగానికి మొకం మొత్తింది. డబ్బా మంచం కిందికి పోయింది. మళ్ళ ఎందుకొస్తడు షాపుకు?

నేను చెప్పిన. టెస్టింగ్ టేబుల్ కాన్నుంచి లేసొచ్చి చెప్పిన. "నీకెందుకే ఇవన్నీ, పోయి నీ పని చూసుకో" అన్నడు.

ఇంకోటి ఉన్నది. డబ్బా మీద బొమ్మ సూడుండ్రి. ఇద్దరు మొగపిల్లలు, కాళ్ళకు బూట్లు, ఎనుక నాయన నిలబడి నవ్వుతున్నడు. తల్లి ఏది? చెల్లె ఏది? వంటింట్ల ఉండి ఉంటరు. బజ్జీలు ఏయిస్తుండొచ్చు.

మొగపిల్లలు ఇంటర్నెట్ సెంటర్లకు పోతున్నరు, నిజమే. పటాన్‌చెరు బస్టాండు కాడ అప్పట్ల గేముల దుకాణముండె, ఆడికి కూడ వాళ్ళే పోయిండ్రు. వాళ్ళు ఎప్పుడు ఇంట్ల లేరు మేడం. ఇంట్ల ఆటను ఇంట్ల లేనోళ్ళకు అమ్ముడేంది? ఇంట్ల ఉండేటోళ్ళు ఎవరు? పెద్దమనిషైందని బడి మాన్పించి కూసోబెట్టిన పిల్ల. పొద్దంత తలుపేసుకొని ఉండే కొత్తకోడలు. వాళ్ళకు బజారు బంద్, సినిమా బంద్, వాకిట్ల నిలబడితె కూడ అడుగుతరు. వాళ్ళకు కంప్యూటర్ వచ్చేది ఎన్నడు, ఇంటర్నెట్ సెంటరుకు పంపేది ఎన్నడు?

ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ జాతరల ఒకడు టీవీ పెట్టి, మన గేమే పెట్టి, ఆటకు రూపాయి తీసుకుంటుండె. మొగపోరగాండ్లు కొట్లాడుతున్నరు. ఎనుకకు ఒక పదమూడేండ్ల పిల్ల, బోనం దించి, చెంగు నోట్ల పెట్టుకొని సూస్తున్నది. నేనే రూపాయిచ్చి కూసోబెట్టిన. ఆ హ్యాండిలు ఇడవదే! వాళ్ళ నాయన వచ్చి రెక్క పట్టి లేపిండు. పోయేటప్పుడు నాతోటి అన్నది, "అత్తా, ఇది ఇంట్ల పెట్టుకొని ఆడొచ్చా? బయటికి రాకుంట?" అని.

గిరాకీ అంటె అదే గదా మేడం?

మా అమ్మగారు అట్లనే ఆడింది. అవును, హైమావతమ్మ! సారుకు తెల్వదు. మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి నన్ను పిలిచేది. ఆదివారాలు, సెలవు దినాలు నేను ఇల్లు తుడువ పోతుంటి, సారు షికారు పోతుండె. ఆమెకు నేనే నేర్పిన. మొదట హ్యాండిలు తలకిందుల పట్టుకున్నది. ఆరు నెలలకు నాకంటె ఎక్కువ ఆడింది. "ఒసేయ్ బక్కమ్మా, దూకించవే, దూకించు! అయ్యో పోయావే!" అని ఒర్రేది. అట్ల నవ్వంగ, ఒర్రంగ ఆ ఇంట్ల ఎన్నడు ఇనలె నేను.

ఇద్దరం సాప మీద పక్క పక్కన కూసునేటోళ్ళం. పదేండ్లు వాళ్ళ గిన్నెలు తోమిన, ఆమె పక్కన కూసున్నది అప్పుడే. మొదటి హ్యాండిలు ఆమెది, రెండోది నాది. మొదటామె ఆట పోయినంకనే రెండోదాని వంతు వస్తది సూడుండ్రి, "నేను చచ్చేదాకా ఆగవే" అనేది నవ్వుకుంట.

మూడేండ్లాయె పోయి. రొమ్ముల గడ్డ. దవాఖానకు ఆలస్యంగ పోయింది. ఎవరికి చెప్తది? ఆమె చెప్పింది కూడ ఎవలకు అవసరం లేకుండె. ఒకనాడు అన్నం పెట్టుకుంట సారుతోటి, "డబ్బా మీద ఆడపిల్ల బొమ్మ వేయించండి, బాగా అమ్ముడుపోతుంది" అన్నది. నేను వంటింట్ల ఉన్న, ఇన్న. "ఆడపిల్లలు గేములాడితే అన్నం ఎవరొండుతారు?" అని నవ్విండు. పెరుగు పోయమన్నడు.

ఆమె పన్నెండో దినం అయినంక సారు ఆమె గేము తెచ్చి నా బల్ల మీద పెట్టిండు. "తుడిచి డబ్బాలో పెట్టు, కొత్తవాటితో పంపించెయ్" అన్నడు. మొదటి హ్యాండిలు మీద ఆమె బొటనేలు అరిగిన గుర్తున్నది మేడం. నేను తుడిచిన. డబ్బాల పెట్టిన. పంపిచ్చిన. చెప్పిన పని చేసేదాన్నే గదా నేను.

లేదు, ఏడుస్తలేను. ఏడిస్తె సారుకు కనబడతది. సూడుండ్రి, నవ్వుతున్న.

కాబట్టి రాసుకోండ్రి. ఇంట్ల ఆటకు గిరాకీ ఉన్నది. ఈ డబ్బానే ఉంటదని నేను చెప్ప. చైనాది అగ్గువకొస్తది, నిజమే. ఇంకో రూపం వస్తది, ఇంకో పేరు పెడ్తరు, ఇంకెవడో లాభం తింటడు. కాని తలుపు మూసి కూసోబెట్టే ఇండ్లు ఉన్నన్ని దినాలు ఇంట్ల ఆట ఉంటది. సారు మూసేది లాభం లేక కాదు. ముంబై రోడ్డు మీద భూమి ధర పెరిగింది. గోదాములు కట్టెటోళ్ళు వచ్చి షెడ్డు కొలుచుకొని పోయిండ్రు. గేములకంటె ఖాళీ జాగల లాభమున్నదని తెలిసింది ఆయనకు. గంతే.

దస్కతు పెడితె నాకు కుట్టుమిషన్ ఇస్తడట. మా ఆయనకు గోదాము కాడ వాచ్‌మన్ నౌకరి. పొద్దుగాల మా ఆయన అంటున్నడు, "నీ పేరుతోటి నీకేం పని? పెట్టి రారాదు" అని.

మరి వాళ్ళు? ఆ పదిహేడు మంది? వాళ్ళకేమి లేదు. రేపటి నుంచి రావద్దని చెప్తరు. వాళ్ళు ఈడ పని చేసినట్టు ఒక్క కాయితం లేదు మేడం. మీ ఫారంల పనోళ్ళు ఎంతమంది అని ఉన్నది గదా, సారు ఎంత రాసిండు?

ముగ్గురా? ముగ్గురు! అద్దంలకెళ్ళి సూసి మీరే లెక్కబెట్టుండ్రి.

వాళ్ళు ఊకె ఉన్నరా అంటె, ఉండలే. మూడేండ్ల కింద బీరమ్మ లేపింది అందరిని. పక్క షెడ్డుల మొగోళ్ళకు ఇచ్చే దాంట్ల సగం ఇస్తున్నరు మనకు, పీఎఫ్ లేదు, బాత్రూముకు లోపటి గడియ లేదు. ఒకరు పోతె ఇంకొకరు తలుపు పట్టుకోవాలె. అందరం కూడి సంగారెడ్డి లేబర్ ఆఫీసుకు పోయినం. అర్జీ రాసేటాయన కాడ రాయించినం. అందరం, నేను కూడ! మూడో దస్కతు నాది. కిందికెళ్ళి ఏలిముద్రలే ఎక్కువ, నేను నా పేరు రాస్తుంటె నా పక్క బల్ల రాజవ్వ గర్వంగ సూసింది, "మా బక్కమ్మకు రాసుడొస్తది" అని.

అర్జీల యజమాని పేరు ఏం రాసిండ్రంటరు? రామలింగేశ్వరరావు అని. ఇంకెవరి పేరు రాస్తరు? తిట్టేది ఆయన, జీతమిచ్చేది ఆయన, ఆ కుర్చీల తిరిగేది ఆయన.

రెండు నెలలకు జవాబొచ్చింది. బీరమ్మ బిడ్డ ఎనిమిదో తరగతి, అదే సదివింది. "మీరు పేర్కొన్న వ్యక్తికి సదరు యూనిట్‌తో ఎటువంటి సంబంధమూ లేదు."

మతిపోయింది అందరికి. "సంబంధం లేకుంటె మరి రోజు పొద్దుగాల వచ్చి మనల ఒర్రేది ఎవడు, వాని దయ్యమా?" అన్నది రాజవ్వ. అందరు నవ్విండ్రు. నవ్వినంక బీరమ్మ అడిగింది, "సారు కాకపోతె మరి అసలు యజమాని ఎవడే?"

అందరు ఒకరి మొకం ఒకరు సూసుకున్నరు. నా మొకం కూడ సూసిండ్రు మేడం.

ఆ ఒక్క నిమిషం... ఆడ చెప్పాల్సుండె నేను. నా పేరు రాసి మళ్ళ అర్జీ పెట్టుండ్రే అని చెప్తె అయిపోతుండె. మా ఆయన గేటు కాడ కూసున్నడు, కనబడుతున్నడు. అమ్మగారు అప్పుడు మంచంల ఉండె. నాకు భయమైంది. ఏమని చెప్తవు? ఇన్నేండ్లు మీతోటి సద్ది పంచుకొని తిన్నదాన్ని, మీ ఎంట నినాదాలు ఇచ్చినదాన్ని, ఆ యజమానిని నేనే అని ఎట్ల చెప్తవు?

ఏమన్ననో తెలుసా? "బోర్డులు బొంబాయి నుంచి వస్తయి గదా. ఎవడో బొంబాయి సేటు అయ్యుంటడు" అన్న.

గంతే మేడం. ఆ సేటును పుట్టిచ్చింది నేను. నా నోట్లకెళ్ళి పడ్డడు, వాళ్ళు పెంచి పెద్ద జేసిండ్రు. మూడేండ్ల సంది రోజు వాన్నే తిడుతున్నరు. వానికి పెద్ద బొర్ర ఉంటదట, పది ఏళ్ళకు ఉంగరాలుంటయట, రాజవ్వ చెప్తది. బోర్డులు ఆలస్యమైతె 'సేటు ముల్లె మునుగ' అని శాపాలు పెడ్తరు. బాత్రూము తలుపు పట్టుకొని నిలబడ్డప్పుడల్ల బీరమ్మ అంటది, "నా బట్టెబాజ్ సేటు ఒక్కపారి కనబడితె ఈ సోల్డరింగ్ కడ్డి వాని ముక్కుల పెడ్త" అని. అందరు నవ్వుతరు. నేను కూడ నవ్వుత. అందరికంటె గట్టిగ నేనే నవ్వుత.

మీకు ఎందుకు చెప్పిన్నంటరా? తెల్వదు. అలసిపోయిన మేడం. పదకొండేండ్లు మొదటి గోడ దుంకి బంద్ జేసుడు, ఇగ నాతోటి అయితలేదు. మీరు నాకంటె చిన్నోళ్ళు, బిడ్డా అంటె ఏమనుకోకుండ్రి. యజమాని అభిప్రాయం అని అడిగితిరి సూడు బిడ్డా, అది ఎక్కడనో తగిలింది.

అగో, సారు గడియారం సూసుకుంటున్నడు. ఇటు వచ్చేటట్టున్నడు.

మూసుడు కాయితం మీద నేను దస్కతు పెట్ట. దాన్ని అట్లనే ఉండనియ్యుండ్రి. ఇంకో కాయితం కావాలె నాకు, తెల్లది. లేదంటరా? మీ ఫైలు ఎనుక ఉన్నది గదా, అదియ్యుండ్రి. వాళ్ళ అర్జీ మళ్ళ రాయాలె, నాకు నా పేరొక్కటే వస్తది, మీరే రాయుండ్రి. పనోళ్ళు ముగ్గురు కాదు, పద్దెనిమిది... కాదు కాదు, పదిహేడు. నేను పనిదాన్ని కాదు గదా. యజమాని పేరు ఈసారి సరిగ్గ రాయాలె.

నా మీదనే కేసైతదని ఎరుకనే. అబద్ధం దస్కతులు పెట్టినందుకు నన్ను కూడ పట్టుకుంటరని కూడ ఎరుకనే. ఏం జేస్తరు? నా దగ్గర ఏమున్నది గుంజుకోను? కాయితంల ఈ షెడ్డున్నది. అది ఆ పదిహేడు మందే గుంజుకోనియ్యి. పక్క షెడ్డు రెండేండ్ల సంది కోర్టుల ఉన్నది, దాని గురించి సారే అన్నడు, "కేసులో ఉన్నదాన్ని కుక్క కూడా కొనదు" అని. గోదాములోళ్ళు కుక్కకంటె తెలివిగల్లోళ్ళే అయ్యుంటరు.

మా ఆయన ఏమంటడా? తిడ్తడు. సారు తిడ్తడు. వీళ్ళు అందరికంటె ఎక్కువ తిడ్తరు, ఆ బీరమ్మ నోరు మీరు ఇనలేదు ఇంక. సద్ది డబ్బా పక్కకు జరుపుతరు, నాతోటి మాట్లాడరు. నిజం చెప్తున్న, ఆ ఒక్కదానికే నా పానం గుంజుతున్నది. షెడ్డు పోతె పోనియ్యి.

కాని ఎవరిని తిట్టాల్నో తెల్వక లేని మనిషిని తిట్టుకుంట తిరుగుతున్నరు బిడ్డా వాళ్ళు. మూడేండ్లు! అది మంచిగలేదు.

ఆ కుర్చీ జెర ఇటు జరపుండ్రి. కూసుంట. వాళ్ళు వచ్చేసరికి కుర్చీల ఎవరన్న ఉండాలె గదా... పట్టుకోండ్రి, పట్టుకోండ్రి, ఎనుకకు పోతుంది. చెప్పిన గదా దీని గుణం. ఆ, ఇగ సరే.

తలుపు తీయుండ్రి.

బీరమ్మా! ఓ రాజవ్వా! పని బంద్ జేసి అందరు ఇటు రాండ్రే. బొంబాయి సేటు దొరికిండు.